మామయ్య పెంచిన గండు చీమలు

మా మామయ్య ఉద్యోగం చీమల్ని చంపడం. ఇంట్లో పని చీమల్ని పెంచడం. ఈ మాట ఎవరితో చెప్పినా ముందు నవ్వుతారు, ఆ తర్వాత కణత దగ్గర వేలు తిప్పి ‘ఏమైనా తేడానా?’ అన్నట్టు చూస్తారు. తేడా ఏమీ లేదు. ఆయన ఎంత తిన్నగా ఉన్నాడో చూడాలంటే వాళ్ళు ఆయన తీసిన పాపిడి చూడాలి.

పురుగుల మందు కొట్టే కంపెనీలో పదిహేడేళ్ళుగా పని చేస్తున్నాడు. ఆకుపచ్చ యూనిఫాం, వీపున మందు డబ్బా, భుజాన సంచి. బొద్దింకలు, చెదలు, నల్లులు, చీమలు, దేని బెడద వచ్చినా ఆయన్నే పంపేవారు. వీధిలో ఆయన పేరు యముడు. పై వాటాలో ఉండే ఓనరమ్మ మెట్ల మీంచి “యముడుగారూ, ఒకసారి మా వంటింట్లోకి దయచేయండి” అని కేకేస్తే, ఆయన “ఎంతమందికి టైమైందమ్మా?” అని అడిగి గానీ పైకి వెళ్ళేవాడు కాదు.

అత్తయ్య ఇంట్లోనే ఇస్త్రీ చేస్తుంది. నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి వాళ్ళింటికి వచ్చాను. ఆవిడ ఇస్త్రీ చేసిన బట్టలు మడతపెట్టి, ఏ ఇంటివి ఆ ఇంటికి కట్టడం నా పని. మడతపెట్టేవాళ్ళతో ఎవరూ మాట్లాడరు. అందుకని చూడ్డానికి బోలెడంత తీరిక దొరుకుతుంది.

కిందటేడు మొదటి వాన పడ్డ రోజు మామయ్య తడిసి ముద్దయి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి జేబులోంచి మాత్రల డబ్బా తీసి, మూత కొంచెం పైకెత్తాడు.

“పెళ్ళయిన ఇన్నాళ్ళకి వానలో తడుస్తూ నాకేం తెచ్చారబ్బా అనుకున్నా,” అంది అత్తయ్య తొంగి చూసి. “చీమా?”

“మామూలు చీమ కాదే. రాణి. గండు చీమల రాణి. ఇవాళే పెళ్ళయింది. మొగుడు పోయాడు.”

“ఇవాళే పెళ్ళయి, ఇవాళే పోయాడా?”

“మగ చీమలంతే. పెళ్ళి కాగానే పోతాయి.”

“అదృష్టవంతురాలు,” అని అత్తయ్య ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎవరిదో పెరట్లో మందు కొడుతుంటే అది వచ్చి ఆయన చేతి తొడుగు మీద వాలిందట. అక్కడే కూర్చుని, కాళ్ళతో తన్నుకుంటూ రెక్కలు ఊడబెరుక్కుందట. “పదిహేడేళ్ళలో ఎన్ని వేల రాణుల్ని చంపి ఉంటాను అమ్మడూ, ఒక్కదాని మొహం చూసిన పాపాన పోలేదు,” అన్నాడు నాతో. ఆయన గొంతులో పశ్చాత్తాపమేమీ లేదు. పేరు విన్న సినిమా తారని బజారులో చూసినవాడి ఆనందం, అంతే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చట్టాలు వచ్చాయి. ఆయన పని నుంచి రాగానే యూనిఫాం బయట విప్పాలి. మూడుసార్లు ఒళ్ళు తోముకోవాలి. మందు సంచి ఆఫీసులోనే ఉండాలి, మా గడప తొక్కకూడదు. నాకు, అత్తయ్యకి ఎప్పుడూ లేని జాగ్రత్తలన్నీ ఆ చీమకి వచ్చాయి. “పదిహేడేళ్ళు ఆ కంపుతోనే నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు మహానుభావుడు,” అని అత్తయ్య తువ్వాలు విసిరింది.

రాణిని ఒక గాజు గొట్టంలో పెట్టాడు. గొట్టం అడుగున నీళ్ళు, నీళ్ళకి అడ్డంగా దూది, ఇవతల రాణి, ఈ చివర మళ్ళీ దూది. గొట్టానికి నల్లగుడ్డ చుట్టి, ఇస్త్రీ బల్ల పక్కనున్న అలమరలో పెట్టాడు. నెలన్నర తిండి లేదు. ఉప్పు రవ్వల్లాంటి గుడ్లు పెట్టింది. వాటిని నాకుతూ కూర్చుంది.

“బాలింతకి తిండి పెట్టరా?” అంది అత్తయ్య ఒకరోజు ఉండబట్టలేక.

“అక్కర్లేదు. ఇక ఎగిరే పని లేదుగా, రెక్కలున్న చోట కండ కరిగించుకుని తనూ బతుకుతుంది, పిల్లల్నీ సాకుతుంది.”

“నేనూ రెక్కలు ముక్కలు చేసుకునే మిమ్మల్ని సాకుతున్నా. నాకో గొట్టం చూడండి.”

వానలు తగ్గేనాటికి ఏడు చీమలు పుట్టాయి, అన్నీ ఆడవే. గండు చీమలన్న పేరే గానీ బక్కచిక్కి, నువ్వుగింజంత ఉన్నాయి. మామయ్యకి కాలు నిలవలేదు. వాటికి పంచదార నీళ్ళు చుక్క చుక్కగా వెయ్యడానికి ఒక సిరంజి తెచ్చాడు. చీమలకి పెట్టే జెల్లీ మందు ఆఫీసులో ఆ సిరంజిల్లోనే వస్తుంది. ఖాళీది ఒకటి ఏడుసార్లు కడిగి తెచ్చాడు. “ఇంత సన్నని ముక్కు ఇంకెక్కడా దొరకదే, ఆవగింజంత చుక్క పడుతుంది,” అని మురిసిపోయాడు. మాంసం కోసం ఈగలు కావాలి. పొద్దంతా మందుతో ఈగల్ని చంపిన మనిషి, సాయంత్రం టీ కొట్టు దగ్గర మందు తగలని ఈగ కోసం ఉత్త చేతుల్తో గాలిలో చప్పట్లు కొట్టేవాడు.

చలి ముదిరాక చీమలు తిండి మానేసి, రాణి చుట్టూ కుప్పగా పడుకున్నాయి. పది రోజులు చూసి అత్తయ్య “పోయాయి” అని తేల్చేసింది. “నిద్ర” అన్నాడాయన. ఆవిడ ఆ రోజే తన పాత స్వెట్టరు తీసి గొట్టం చుట్టూ కప్పింది. ఎందుకని నేను అడగలేదు గానీ, చూశానని తెలిసి, “అడ్డంగా పడుంది, అందుకే అక్కడ పెట్టా” అంది.

ఎండలు రాగానే పుట్ట పుంజుకుంది. ఏడు పదిహేనయ్యాయి, ముప్పై దాటాయి. గొట్టం చాలక మామయ్య ప్లాస్టిక్ డబ్బాకి అద్దం మూత బిగించి అందులోకి మార్చాడు. ఇప్పుడు పుట్టినవి నల్లగా, నిగనిగలాడుతూ, పేరుకి తగ్గట్టు ఉన్నాయి. నేను కొన్నిటికి పేర్లు కూడా పెట్టుకున్నాను: కుంటిది, పెద్దతల, తొందరది. కుంటిది మొదటి ఏడింట్లో మిగిలిన ముసల్ది.

ఒకరోజు ఓనరమ్మ బట్టల కోసం వచ్చి అలమర వైపు చూసింది. ఆవిడ వంటింట్లో చీమలకి మామయ్య ఆ వారంలోనే రెండుసార్లు మందు పెట్టాడు.

“ఏంటా డబ్బా?”

“మిరియాలండీ,” అంది అత్తయ్య తడుముకోకుండా.

“కదులుతున్నాయేంటి?”

“తాజావి.”

ఓనరమ్మ నా వైపు చూసింది. నేను ఆవిడ దుప్పటి రెండోసారి మడతపెట్టాను. ఆవిడ వెళ్ళాక అత్తయ్య డబ్బా మీద గుడ్డ కప్పి, “కాసేపు కదలకుండా ఉండలేరే?” అని చీమల్ని కసిరింది. అవి తనవి కూడా అయిపోయాయని నాకు ఆ కసురులోనే అర్థమైంది.

అరవైమూడు చీమలున్న ఒక ఆదివారం ఆ పని జరిగింది.

సోమవారం పొద్దున్నే ఊరి చివర బంగళాకి నేరుగా వెళ్ళాలని, మామయ్య శనివారం మందు సంచి ఇంటికి తెచ్చాడు. తన చట్టం తనే మీరి, “ఒక్కరోజుకి ఏం కాదులే” అని తలుపు వెనక తగిలించాడు. ఆదివారం భోజనమయ్యాక పడుకున్నాడు. చీమలకి పెట్టే వేళయింది. ఎప్పుడూ “వాటి మొహాన ఏదైనా పెట్టవే పిల్లా” అని నాకు చెప్పే అత్తయ్య, ఆ రోజు నా చేతినిండా పని ఉందని తనే లేచింది. అలమరలో సిరంజి ఖాళీగా ఉంది. అటూ ఇటూ వెతికి, తలుపు వెనక సంచిలోంచి ఒకటి తీసింది.

“ఇదిగో, నిండుగా ఉంది. మీ మామయ్యకి ఎక్కడ పెట్టేది అక్కడ పెట్టే అలవాటు లేదు కదా.”

ఆవిడ చుక్క వేస్తుంటే నేను చూస్తూనే ఉన్నాను. పంచదార నీళ్ళు జారిపోతాయి. ఇది జారలేదు. తేనెలా, ముద్దగా నిలబడింది. తేనె తెచ్చాడేమో అనుకున్నాను. కాదేమో అని కూడా అనుకున్నాను. మొదటిసారి తన చేత్తో పెడుతూ “తినండే, తినండి” అంటున్న ఆవిడని ఆపడానికి నోరు పెగల్లేదు. చుక్క చుట్టూ చీమలు మూగాయి. పావుగంట తర్వాత లేచి వెళ్ళి మామయ్యని తట్టాను.

ఆయన వచ్చి డబ్బాలోకి చూశాడు. సిరంజి చూశాడు. నేల మీద చతికిలబడ్డాడు.

“ఏమైంది?” అంది అత్తయ్య.

అడిగింది గానీ, ఏమైందో ఆవిడకీ నాకూ తెలుసు. ఫోనులో ఆయన జనానికి చెప్పే మాట వందసార్లు విన్నాం. ‘మీరు ఒక్కదాన్ని కూడా చంపక్కర్లేదమ్మా. తిన్నది వెంటనే చావదు. ఇంటికెళ్ళి నోటితో నోటికి అందరికీ పంచుతుంది. మూడో రోజుకి రాణితో సహా సఫా. గ్యారంటీ.’

అత్తయ్య సిరంజిని కాలినట్టు కింద పడేసింది.

“గొట్టం తే,” అన్నాడు మామయ్య. “సన్న కుంచె తే. రాణిని తీసెయ్యాలి. ఒక్కతే బతకలేదు, తోడు కొన్ని కావాలి. తిననివి ఏవో ఎలా తెలుస్తుందిరా దేవుడా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి!”

“ఒక్కలాగా లేవు,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “కుంటిది తినలేదు. గోడ వారగా ఉన్న నాలుగూ తినలేదు. గుడ్ల దగ్గరున్నవి లేవనే లేదు. పెద్దతల తిన్నది, వద్దు. అది వద్దు. దాని పక్కది తియ్యి మామయ్యా.”

నేను వేలు చూపించడం, ఆయన కుంచెతో ఎత్తడం. పధ్నాలుగు చీమలు, కొన్ని గుడ్లు, రాణి. అన్నీ గొట్టంలోకి వెళ్ళాక అసలు మాట చెప్పాను. “నువ్వు లేవకముందు తొందరది రాణి మూతి దగ్గర మూతి పెట్టింది. పలకరించిందో, పంచిందో తెలీలేదు.”

ఆయన గొట్టం వైపు చూసి, “మూడు రోజులాగితే తెలుస్తుంది,” అన్నాడు.

మర్నాడు ఆఫీసుకి ఫోను చేశాడు. పదిహేడేళ్ళలో మొదటి సెలవు.

“ఇంట్లో బాగోలేదు సార్... ఆడవాళ్ళకి... చాలామందికి సార్.”

రెండో రోజుకి పాత డబ్బాలో చీమలు తూలడం మొదలుపెట్టాయి. ఒకటి పడిపోతే ఇంకొకటి దాన్ని నోట కరుచుకుని మూలకి మోసుకెళ్ళేది. అక్కడ దించి, వెనక్కి వచ్చేలోపు అదీ పడేది. దాన్ని మొయ్యడానికి మరొకటి. డబ్బా తీసెయ్యమని అత్తయ్య రెండుసార్లు చెప్పింది. ఆయన తియ్యలేదు. బల్ల ముందు కుర్చీ వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

“ఇన్నేళ్ళు గ్యారంటీ ఇచ్చాను అమ్మడూ,” అన్నాడు. “మందు పెట్టి వచ్చెయ్యడమే. మూడో రోజు ఎట్లా ఉంటుందో ఎప్పుడూ చూళ్ళేదు.”

ముక్కు తుడుచుకుని, “మందు మాత్రం ఫస్ట్ క్లాసు,” అన్నాడు.

అత్తయ్య మడతపెట్టిన దిండు గలీబుతో ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. ఇచ్చి, అదే గలీబులో మొహం దాచుకుంది. “నా చేత్తో పెట్టాను. తినండే అని కూడా అన్నాను.”

“నువ్వు కాదే. చంపే సిరంజి కడిగి తెచ్చి, పెంచే సిరంజి అన్న వెధవని నేను. ఏడుసార్లు కడిగానట, ఏడుసార్లు!”

మూడో రోజు పొద్దున పాత డబ్బాలో కదిలేది ఏదీ లేదు. గొట్టంలో రాణి తల దించుకుని ఉంది. మీసాలు కూడా ఆడటం లేదు. ముగ్గురం దాని ముందు కూర్చున్నాం. పొయ్యి మీద ఏమీ లేదు. అంతలో పైనుంచి కేక. “యముడుగారూ! మళ్ళీ చీమలండీ! వెంటనే రావాలి!”

మామయ్యకి చీమ కుట్టినట్టయినా లేదు. అత్తయ్యే వెళ్ళి మెట్ల కింద నిలబడి అరిచింది. “ఇవాళ యముడికి సెలవండీ! మీ చీమలకి ఆయుష్షుంది, పెట్టి పంపండి!”

నేను గొట్టం మీంచి కన్ను తియ్యలేదు. కుంటిది నెమ్మదిగా లేచింది. ఈడ్చుకుంటూ వచ్చి రాణి మూతి దగ్గర ఆగింది. మీసంతో ఒకసారి తట్టింది. మళ్ళీ తట్టింది. రాణి తలెత్తి నోరు తెరిచింది.

“తింటోంది,” అన్నాను.

మామయ్య వినలేదు. భూతద్దం కన్నుకి ఆనించి కూర్చున్నాడు. చాలాసేపటికి అది దించి, “ఏమే, అన్నం పెట్టు,” అన్నాడు.

ఆయన ఉద్యోగం మానేశాడని రాస్తే బావుండేది. మానలేదు. గురువారం సంచి వేసుకుని వెళ్ళాడు, ఓనరమ్మ వంటింటికి కూడా వెళ్ళాడు. ఫోనులో చెప్పే మాట మాత్రం కొంచెం మారింది. గ్యారంటీ దాకా వచ్చి ఆగి, “మూడో రోజు అటువైపు వెళ్ళి చూడకండమ్మా,” అంటున్నాడు. ఎందుకని అడిగితే ఫోను పెట్టేస్తున్నాడు.

మళ్ళీ వానలొచ్చాయి. పధ్నాలుగు ఇప్పుడు నలభై దాటాయి. కుంటిది లేదు. సిరంజి ఇంట్లో లేదు. అత్తయ్య చెంచా కాడతో చుక్క వేస్తుంది. వేసే ముందు ఆ పంచదార నీళ్ళు తన నాలిక మీద ఒక చుక్క వేసుకుని, గోడ గడియారం కింద కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. “మా మందైతే అలా తెలీదే, మూడు రోజులు కూర్చోవాలి” అని మామయ్య ఎన్నిసార్లు చెప్పినా వినదు. ఇప్పుడు చెప్పడం మానేశాడు. అయిదు నిమిషాలు చూసి అడుగుతాడు.

“ఉన్నావా?”

“ఉన్నాను.”

“అయితే వెయ్యి.”