కొట్టేసిన తునికి పొదలు

సిమెంటు బట్టీలో బొగ్గుకు బదులు కాల్చడానికి నేపియర్ గడ్డి పెంచాలి, దానికి భూమి వెతకాలి. అదీ నా ఉద్యోగం. పంటభూమి కాకూడదు, అడవి కాకూడదు, లారీ పోవాలి, నీళ్లుండాలి. కామారెడ్డి చుట్టూ నీళ్లున్న ప్రతి చెక్కలోనూ వరే. వరి లేనిచోట నీళ్లూ లేవు. ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. పైవాళ్ల చెవిన వేసే ధైర్యం మాత్రం ఏడాదైనా రాలేదు. బీబీపేట నుంచి సదాశివనగర్ దాకా చెప్పులరిగేలా తిరిగి, ఖాళీ ఫారాలతో ఇంటికొచ్చేవాణ్ణి.

ఎల్లారెడ్డి అవతల ఒక ఊరి బయట, కొడవలి పట్టుకుని ఒక ముసలావిడ ఎదురైంది.

"ఇక్కడ ఎవరన్నా దున్నని భూమి ఉందా అవ్వా?" అని అడిగాను.

"ఉన్నది బిడ్డా. పట్టాదారు దుబాయిల ఉన్నడు, ఎవ్వలు దున్నరు. రా, సూపిస్త."

గట్టు దాకా తనే ముందు నడిచింది. నేలంతా మోకాలెత్తు కూడా లేని మోళ్లు. ఎండిపోయిన పొదలనుకున్నాను. ఆమె ముఖంలో అంత సంబరం ఎందుకో అడగలేదు. బోరు వేస్తే నీళ్లు పడతాయిలే అనుకుని, ఫారంలో 'నిరుపయోగం' అని రాసి సంతకం పెట్టాను.

అవి తునికి పొదలని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎండలు ముదరక ముందు కొట్టేస్తే లేతాకు వేస్తాయి, బీడీలకు ఆ ఆకే కావాలి. మా అమ్మ బీడీలు చుట్టే నన్ను చదివించింది. నానబెట్టిన ఆకు వాసనలో పెరిగినవాణ్ణి, కళ్లు మూసుకుని ముట్టుకున్నా ఏ ఆకు చిరుగుతుందో చెప్పగలను. కానీ మా ఇంటికి ఆకు కట్టలుగా వచ్చేది, పొదను నేనెన్నడూ చూడలేదు. నా చదువు మీద నాకే అసహ్యం వేస్తుంది.

పట్టాదారు ఫోన్లోనే ఒప్పుకున్నాడు. పొదలన్నీ వేళ్లతో పెకిలించి గడ్డి నాటారు. రెండు నెలలకే బోరు ఎండింది, గడ్డి మాడింది, కంపెనీ వేరే జిల్లా చూసుకుంది.

ఎండాకాలంలో మళ్లీ వెళ్లాను. తిట్లు తింటే మనసు తేలికవుతుందన్న ఆశ కావచ్చు. ఊరివాళ్లు ఆకు కోసం దూరం అడవికి పోయారు. అంత దూరం నడవలేని అవ్వ ఖాళీ మూటగుడ్డతో అదే గట్టు మీద కూర్చుని ఉంది. భూమి పనికిరాదని రాసిచ్చింది నేనేనని చెప్పాను.

ఆమె మూటగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆకు కొనే కల్లం మనిషివనుకున్న బిడ్డా. పొదలు మంచిగ కొట్టినమని సూపియ్యనీకె తోల్కపోయిన," అంది. "నేనే సూపిచ్చినట్టు ఊర్లె ఎవ్వలకు చెప్పకు."

చెప్పనన్నాను.