మడత పెట్టిన తెల్లగుడ్డ

ఫ్రాన్సులోని ఆ ఊళ్లో సెలూన్ నడిపే ఆన్సెల్మ్ గురించి ఎవరినడిగినా చెయ్యి మెత్తన అనేవాళ్లు. ఆ మెత్తదనమే చివరికి అతని కొంప ముంచింది.

యుద్ధకాలమంతా ఊరిని ఆక్రమించిన జర్మన్ అధికారులు అతని కుర్చీలోనే గెడ్డాలు గీయించుకున్నారు. వాళ్లు పారిపోయిన నాడు జనం, కుట్టుపని చేసుకునే ఓదిల్‌ను ఊరి నడిబొడ్డుకు ఈడ్చుకొచ్చారు. జర్మన్ సిపాయితో తిరిగిందట! పాపం, ఆమె చేసిందల్లా వాడి చొక్కాలకు బొత్తాలు కుట్టడం. శిక్షగా ఆమెకు గుండు గీసింది ఆన్సెల్మ్. "కాలరు పట్టుకుని లాక్కుపోయారయ్యా, నేనేం చెయ్యను?" అని కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. నిజానికి ఎవరూ లాగలేదు. తను గీసిన గెడ్డాలు ఎవరికి గుర్తొస్తాయోనన్న భయంతో తనే పరుగెత్తాడు.

అప్పట్నుంచి ఓదిల్ జుట్టు కత్తిరించుకోవడానికి బస్సెక్కి పక్క ఊరెళుతుంది. బస్సు అతని సెలూన్ ముందునుంచే పోతుంది. అది వచ్చే వేళకు అతను కిటికీకి వీపు తిప్పుతాడు.

ఏళ్లు గడిచాక పారిస్ నుంచి సినిమావాళ్లు దిగారు, ఆ రోజుల మీదే రాజకీయ చిత్రం తీయడానికి. హీరోయిన్ నిజంగానే గుండు చేయించుకుంటుంది కనుక గీసేవాడు అసలైన పనివాడై ఉండాలన్నారు. కాదంటే ఎందుకని ఊరంతా అడుగుతుంది. ఆన్సెల్మ్ ఒప్పుకున్నాడు.

కెమెరా తిరిగింది. చుట్టూ జనం బూతులు తిడుతున్నారు. ఆన్సెల్మ్ చంకలోంచి మడత పెట్టిన తెల్లగుడ్డ తీసి, దులిపి, ఆ పిల్ల మెడ చుట్టూ జాగ్రత్తగా కట్టి, అప్పుడు కత్తెర ఎత్తాడు.

"గుడ్డ కట్టమని ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాడు దర్శకుడు, పని అయిపోయాక.

"అలవాటు బాబూ. వెంట్రుకలు పడితే దురద."

మళ్లీ తీద్దామంటే జుట్టేదీ? గుడ్డ సినిమాలో ఉండిపోయింది.

ఊళ్లో ఆట వేసిన ఆదివారం, హాలు మెట్ల మీదే మాంసం కొట్టు మార్సియాల్ అందుకున్నాడు. "ఏమోయ్ ఆన్సెల్మ్, ఆ రోజూ ఇలాగే కట్టావు కదూ! కాలరు పట్టి లాక్కుపోతుంటే ఉతికిన గుడ్డ మడతపెట్టి తెచ్చుకునే తీరిక ఎలా చిక్కిందోయ్?"

అందరూ ఘొల్లుమన్నారు. వెనకే వస్తున్న ఓదిల్ మాత్రం నవ్వలేదు. ఆన్సెల్మ్ సిగ్గుతో చచ్చిపోయాడు.

మంగళవారం సెలూన్ తెరిచేసరికి ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. అలవాటుగా గుడ్డ మీదికి పోయిన అతని చెయ్యి ఆగిపోయింది.

"కట్టు," అంది ఓదిల్.

కట్టాడు. "నన్నెవరూ లాక్కురాలేదు ఓదిల్. నేనే వచ్చాను. క్షమించు."

"తెలుసు. తక్కినవాళ్లు కోపంతో ఊగిపోయారు, వాళ్లని మర్చిపోయాను. నీకు నా మీద కోపం లేదు. నాకు దురద పెడుతుందని కూడా ఆలోచించావు. అయినా గొరిగావు." అద్దంలోంచి అతన్ని చూసింది. "సరే. చివర్లు కాస్త కత్తిరించు."

ఆన్సెల్మ్ కత్తెర తీసుకున్నాడు. చెయ్యి వణికింది. రెండో చేత్తో పట్టుకున్నా వణుకు ఆగలేదు. ఓదిల్ చాలాసేపు ఓపిక పట్టింది. ఆఖరికి తనే గుడ్డ విప్పి, మడత పెట్టి, అతని చేతికిచ్చింది.

"ఇక ఆ బస్సెక్కక్కర్లేదనుకున్నాను," అని బయటికెళ్లి స్టాపులో నిలబడింది.