తడి తగలని పాలబిందె

అమలాపురంలో కాలువ గట్టున మా మావయ్యకి ఒక తాటాకు షెడ్డు ఉండేది. బస్సులు, బియ్యం మిల్లుల ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. కాకినాడలో డిప్లొమా ముగించుకుని, ఉద్యోగం వచ్చేలోగా నేను అక్కడే ఉన్నాను. ఆ షెడ్డులో మూడు వాసనలు కలిసి ఉండేవి: తడిసిన తాటాకు, ఆముదం, పెట్రోలు. ఇప్పటికీ ఆ మూడూ ఎక్కడైనా ఒక్కచోట తగిలితే నా కళ్లు వాటంతటవే మూతపడతాయి.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన మోటారు సైకిలొకటి మావయ్య దగ్గర ఉండేది. రెండేళ్లు దానితోనే కాపరం చేశాడు. సిలిండర్ హెడ్డు అరగదీయించి, పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య ఖాళీ బాగా తగ్గించాడు. గాలీ పెట్రోలూ ఎంత ఇరుకులో నొక్కితే అంత బలం. అది ఆయనకి పుస్తకం చెప్పింది కాదు, ఆశ చెప్పింది.

మండపేట మిల్లు యజమాని ఒకాయనకి కొత్త మోటారు సైకిలుండేది. ఒకనాడు మిల్లు ఇంజన్ సామాను కోసం వచ్చి, మావయ్య బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏవండోయ్, దీనికి చప్పుడేనా, పరుగేవైనా ఉందాండీ?"

"ఆయ్, ఉందండి. మీదాని వెనకాల పరిగెట్టడం మాత్రం రాదండి దానికి," అన్నాడు మావయ్య.

ఆయన నవ్వేడు. నవ్వుతూనే పందెం పెట్టేడు. ఓడలరేవు దగ్గర, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తేలే గట్టి ఇసక మీద, తిన్నగా ఒకే ఒక పరుగు. ఆయన ముందొస్తే మావయ్య బండి ఆయనది. మావయ్య ముందొస్తే ఆయన మిల్లుల ఇంజన్లన్నీ ఇకనుంచి మావయ్య షెడ్డుకే. వానాకాలమంతా పనిలేక తాటాకు కింద చుక్కలు లెక్కపెట్టుకునే షెడ్డు అది. మావయ్య "ఆయ్" అనేసిన తరవాతే అత్తయ్యకి తెలిసింది.

"బండి పోతే మీరేం చేస్తారు? ఎదురుగా కూచుని ఎవరితో మాట్టాడతారు?" అంది అత్తయ్య. ఆవిడ ఎకసెక్కానికే అంది గాని, మావయ్య లేచి వెళ్లి బండి తుడవడం మొదలుపెట్టాడు.

చిక్కు ఇంజన్‌లో లేదు, దానికి పెట్టే తిండిలో ఉంది. బంకులో పెట్రోలు పోసి గట్టిగా తోలితే, లోపల ఎవరో డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుండేది. ప్లగ్గు దగ్గర పుట్టిన మంట నెమ్మదిగా పాకాలి. అంత ఇరుకులో, అంత వేడిలో, అది వచ్చేదాకా ఆగలేక మూలల్లో ఉన్న పెట్రోలు తనంత తానే భగ్గుమనేది. అలా కొంతదూరం పోతే పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

కాలువలో కాళ్లు పెట్టుకుని నేను వేళ్లమీద లెక్క చూసుకున్నాను. ఒకటి, హెడ్డు కింద మందపాటి రేకు వేసి ఒత్తిడి తగ్గించడం: అప్పుడిక రెండేళ్ల పనికి అర్థం లేదు. రెండు, బొగ్గునుంచి తీసే బెంజాలు అనే నూనె కలపడం: గోదావరికి ఈవల ఎవరి దగ్గరా లేదు. మూడు, పెట్రోల్లో వేస్తే చాలని బస్సు డ్రైవర్లు ఒట్టేసి చెప్పే కర్పూరం.

"హారతిచ్చి సాగనంపుదామనా?" అంది అత్తయ్య.

నాలుగు, స్పిరిట్. అరచేతిలో ఒక చుక్క వేసుకుంటే చల్లగా జారి, ఉన్నట్టా లేనట్టా తెలియకుండా మాయమైపోయేది. సిలిండర్ లోపల కూడా అది అలాగే ఆవిరవుతూ వేడిని తనతో పట్టుకుపోతుంది. ఎంత నొక్కినా తొందరపడదు. అయితే అదే పనికి పెట్రోలుకంటే ఎక్కువ తాగుతుంది, కాబట్టి కార్బ్యురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు రంధ్రం పెద్దది కావాలి. పొద్దుటి చలిలో ఒంటరిగా అంటుకోవడానికి మొరాయిస్తుంది, కాబట్టి పెట్రోలు తోడుండాలి. రెండు పాళ్లు పెట్రోలు, ఒక పాలు స్పిరిట్, పిస్టన్ జారుగా ఆడటానికి పైన కాస్త ఆముదం. ఇదీ నేను తేల్చింది.

మద్యనిషేధం రోజులు. బీరువాలకి పాలిష్ పెట్టే వడ్రంగి పర్మిటు మీద తెచ్చుకున్న స్పిరిట్‌లో మాకు కొంత ఇచ్చేడు.

"ఒరేయ్ అల్లుడూ, బండికి మందు అలవాటు చేస్తున్నావు. రేపు పోలీసులొస్తే దీన్ని తీసుకుపోతారా, నన్నా?" అన్నాడు మావయ్య.

సాయంత్రం గాజు జాడీలో కలిపి వెలుతురుకి పట్టి చూశాను. లేత కొబ్బరినీళ్లలా తేటగా ఉంది. వేరువేరు రంధ్రాలు వేసిన జెట్లు మూడు గుడ్డలో చుట్టి, మిగిలిన స్పిరిట్ సీసాతో కలిపి సంచిలో పెట్టుకున్నాను.

తెల్లవారుజామున ఎడ్లబండిలో గడ్డి పరిచి మోటారు సైకిలు ఎక్కించాం. సముద్రస్నానం చేస్తానని అత్తయ్య కూడా బయల్దేరింది. బండి కుదుపులకి గాజుజాడీ పగిలిపోతుందని, జాడీలోది మూతబిగువున్న ఇత్తడి పాలబిందెలోకి ఆవిడే మార్చింది. దారంతా మంచు. కొబ్బరితోటలు మంచులో నిలబడి మమ్మల్ని చూస్తున్నట్టూ, మేము కదలకుండా ఉంటే తోటలే వెనక్కి నడుస్తున్నట్టూ ఉంది. ఎడ్ల మెడలోని మువ్వలు మోగాయో, నేను నిద్రలో విన్నానో ఇప్పటికీ చెప్పలేను.

మిల్లు యజమాని కోటిపల్లి రేవులో పంటు మీద బండి దాటించుకుని, మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఇసక మీద సముద్రం వదిలేసి పోయిన పలచటి నీటి పొర, అందులో ఆకాశం. బోర్లించిన నావ దగ్గర మొదలు, సరుగుడు తోపు దగ్గర ఆఖరు.

బిందె మూత తీశాను. లోపల తెల్లగా మసక. కొంచెం వేరే ఖాళీ సీసాలో పోసి పట్టుకుంటే పైన ఒక పొర, కింద ఒక పొర.

"పాలు విరిగినట్టున్నాయిరా," అన్నాడు మావయ్య మెల్లగా.

నేను అత్తయ్య కేసి చూశాను. "అత్తయ్యా, బిందె నీళ్లతో తొలిచేరా?"

"తొలవకుండా ఎలా పోస్తానయ్యా? ఎండు బిందెలో పాలు పొయ్యరు కదా. రోజూ వదిలినట్టే అడుగున కాసిని నీళ్లు వదిలేను."

అదీ జరిగింది. పెట్రోలూ స్పిరిట్టూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి గాని, మధ్యలో నీళ్లొస్తే స్పిరిట్ చెయ్యి వదిలేసి నీళ్లతో అడుక్కి పోతుంది. ఆవిడకి నేను ఈ మాట చెప్పేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనీండి, నా టిన్నులో పెట్రోలుంది, పోసుకోండి. నేనేమనుకోను," అన్నాడు మిల్లు యజమాని. అది మంచితనమే. కాని అది పోస్తే మావయ్య పిస్టన్ తోపు దాకా బతకదు.

సంచిలోంచి స్పిరిట్ సీసా తీశాను. కాసింత స్పిరిట్ పోసి కలిపాను. మసక. మరికాస్త. మసక. సీసా దాదాపు ఖాళీ అయ్యాక, మంచు విడిపోయినట్టు, ఒక్కసారిగా బిందె అడుగు కనిపించింది. ఇప్పుడు పాళ్లు తలకిందులయ్యాయి, స్పిరిట్టే ఎక్కువ. మూడు జెట్లలో పెద్దది బిగించాను.

"ఇది అంటుకుంటుందా?" అన్నాడు మావయ్య.

"బండి వేడెక్కాలండి, మావయ్యా."

అత్తయ్య వెళ్లి, చద్దన్నం తింటున్న జాలరుల పొయ్యి మీద నీళ్లు కాచి తెచ్చి, గుడ్డ ముంచి సిలిండరు చుట్టూ కాపడం పెట్టింది, జ్వరపడ్డ పిల్లాడికి పెట్టినట్టు. మేము తోశాం. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.

మొదట్లో మిల్లు యజమానే ముందున్నాడు. మావయ్య బండి బద్ధకంగా కదిలింది. తరవాత ఏమైందో నేను చూశాననడం కంటే విన్నాననడం నిజం. గులకరాళ్లు లేవు. నునుపుగా సాగే ఒక్కటే నాదం. పెద్ద కెరటం విరగకుండా అలా పోతూనే ఉన్నట్టు. నీటి పొర మీద ఒక బండి, దాని కింద తలకిందులుగా ఇంకో బండి, రెండూ చక్రాల దగ్గర అంటుకుని పోతున్నాయి. గాలిలో ఆముదం వాసన, తలంటి రోజున ఇంట్లో వచ్చే వాసన. తోపు దగ్గర ఒక చేయి పైకి లేచింది. అది ఎవరిదో మంచులో తెలియలేదు.

"మీ మావయ్యదే. ఎడంచెయ్యి. ఆయన అన్నిటికీ ఎడంచెయ్యే," అంది అత్తయ్య. అని కూలబడి, స్నానం సంగతి మరిచిపోయి, ఇసకలోనే కూచుంది.

మిల్లు యజమాని మాట తప్పలేదు. ఆ వానాకాలం షెడ్డులో ఇంజన్లకి చోటు చాలక, ఒకటి అరుగు మీద కూడా పెట్టాం.

ఇంట్లో పాలకి అత్తయ్య వేరే బిందె కొనుక్కుంది. దాన్ని ఎప్పటిలాగే తొలిచి, అడుగున కాసిని నీళ్లు వదిలే పాలు పోసేది. పాత బిందె మాత్రం పెట్రోలూ స్పిరిట్టూ కలుపుకోడానికి షెడ్డుకి ఇచ్చేసింది. కాలువ పొంగి, తాటాకు కారి, కట్టుకున్న బట్టలు కూడా ఆరని ఆ నెలల్లో, దాన్ని తనే ఇంట్లో పొయ్యి పైన అటక మీద బోర్లించి ఉంచేది. ఎవరైనా తడిచేత్తో దానివైపు వెళ్తే దూరంనుంచే కేకేసేది.

"ముట్టుకోకండి. అది ఎండుబిందె."