గోడకవతలి మోటారు

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని మా తోడికోడలికి వచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. కొత్తచెరువు ఊళ్లో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. వేరుశనగ ఎండిపోయి మగవాళ్లిద్దరూ బెంగళూరు పనులకు పోయాక ఇళ్లను నడిపింది మా కుట్టుమిషన్లే. ఆమెకు కాజాలు కుట్టడం నేర్పింది నేను. పొదుపు సంఘంవాళ్లు మాత్రం ఆమె పేరు రాశారు.

గుడ్డ గవర్నమెంటుది, దారం మనది. కుట్టుకూలి తర్వాత బిల్లుగా వస్తుంది. ఆ ధీమాతో ఆమె మిషనుకు మోటారు పెట్టించింది. నేను కాళ్లు నొప్పెట్టేలా తొక్కుతుంటే గోడకవతల అది బుర్రుమనేది. జాకెట్లు తెచ్చినవాళ్లతో "నాది గవర్నమెంటు పని, తీరిక లేదు" అని చెప్పి మా ఇంటికి పంపేది. ఆమె వద్దన్న జాకెట్లు కుడుతూ, చేతిలో డబ్బు పడుతున్నా, నేను కుళ్లిపోయాను.

పిల్లలు ఆ బట్టలు వేసుకున్నారు, చింపుకున్నారు కూడా. బిల్లు మాత్రం రాలేదు. మండలాఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒకరోజు ఆమె మా గడపలో కూలబడింది.

"ఏమంటాండారే?" అన్నాను.

"గవర్నమెంటుకే శానా అప్పులుండాయంటక్కా. వచ్చే దుడ్లు జీతాలకు, వడ్డీలకే సరిపోతాండాయంట. మన బిల్లులు ఆఖరంట. దారం అంగడాయప్ప మాత్రం రోజూ ఇంటికొస్తాండాడు."

గవర్నమెంటు అప్పు పేపర్లో పడుతుంది. దారం అంగడిలో ఆమె అప్పు మా వీధికి తప్ప ఎవరికీ తెలియదు. జాలి పడాల్సింది. అబద్ధమెందుకు, లోలోపల హాయిగా అనిపించింది. ఆమె మోటారు అమ్ముతానంటే గీచి గీచి బేరమాడి సగానికి నేనే కొన్నాను.

మరుసటి ఏడు ఆ పనికి సంఘంలో ఎవరూ ముందుకు రాలేదు. నేను చెయ్యెత్తాను. "పిచ్చి పట్టిందా నీకు? దాని గతి సూసినావు గదా!" అని మా ఆయన ఫోనులో అరిచాడు. చూశాను. అయినా గవర్నమెంటు పని అనే మాట ఒక్కసారైనా నా నోటితో అనాలి. జాకెట్లు తెచ్చినవాళ్లతో అన్నాను కూడా, అచ్చం ఆమెలాగే, మెడ కొంచెం పైకెత్తి.

యూనిఫారాలిచ్చి నెలలు దాటాయి. బిల్లు లేదు. పక్కింటికి పంపిన జాకెట్లవాళ్లు తిరిగి నా దగ్గరికి రాలేదు. నా మోటారు ఊరికే పడి ఉంటే, గోడకవతల తొక్కుడు మిషను పొద్దస్తమానం టకటకలాడేది. ఆ చప్పుడుకు నాకు కడుపు మండిపోయేది.

నిన్న ఆమె వచ్చింది. "అక్కా, మోటారు ఊరికేనే ఉండాది గదా. నాకు పని ఎక్కువైంది, ఇస్తావా?" అని ధర చెప్పింది. అప్పుడు నేను బేరమాడి ఇచ్చిన ధరే, రూపాయి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఇవ్వనని నోటిదాకా వచ్చింది. సాయంత్రం నా బాకీకి దారం అంగడాయన వస్తాడు. మోటారు విప్పి ఇచ్చాను.

పొద్దున్నుంచీ గోడకవతల మళ్లీ అది బుర్రుమంటోంది.