వెనక సీటు పొగ

మొన్న మా మనవడి కారులో స్టీరింగు వెనకాల పసుపు రంగు దీపం ఒకటి వెలిగింది. ఇంజను బొమ్మ ఉంది దాని మీద. వాడి ముఖం చూస్తే ఇంట్లో ఎవరికో గుండెపోటు వచ్చిందేమో అనుకోవాలి. మర్నాడు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా షెడ్డుకి పరిగెత్తాడు. వాళ్ళు ఏదో మిషను తగిలించి చూసి, పొగ సరిగ్గా రావడం లేదు, సైలెన్సరు గొట్టంలో ఏదో పోయింది అన్నారట. "దీపం వెలిగితే ఒక్కరోజు కూడా ఊరుకోకూడదు నానమ్మా, పొగ చాలా డేంజరు" అని నాకు పాఠం చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి తప్పేమీ లేదు, వాడికి తెలియదు.

డెబ్భైల్లో మా మామగారి కారుకి అలాంటి దీపం లేదు. వెనక సీట్లో నేనుండేదాన్ని. దాదాపు ఏడాదిపాటు, ఆ కారెక్కిన ప్రతి ఆదివారం వాంతి చేసుకున్నాను. కారుని ఎవరూ షెడ్డుకి తీసుకెళ్ళలేదు.

మాది కూచిపూడి పక్కన చిన్న ఊరు. నాన్న క్రైస్తవ మిషనరీల బడిలో టీచరు. నేను బి.ఎ. పాసయ్యాక పెళ్ళి చేసి పటమట పంపారు. అత్తవారికి పొలాలున్నాయి, పాతదే అయినా కారుంది. నేను బి.ఎడ్. చదివి టీచర్నవుతానని పెళ్ళికి ముందే మాట అనుకున్నారు. మామయ్యగారు అందరి ముందూ "అంతకంటేనా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాను.

ఆదివారం వస్తే ఉయ్యూరు దాటి మామయ్యగారి సొంతూరి చర్చికి వెళ్ళాలి. మా ఆయన నడిపేవారు. పక్కన మామయ్యగారు కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి, కాలవ గాలి పీలుస్తూ దర్జాగా కూర్చునేవారు. వెనక సీటు ఆడవాళ్ళది. అత్తయ్యగారూ నేనూ. ఆ ఇంటి ఆడవాళ్ళు రోడ్డున పోయేవాళ్ళ కంటబడకూడదని వెనక కిటికీలకు పూల కర్టెన్లు కుట్టించారు. కర్టెన్లు ఎగరకూడదని అద్దాలు పైకెత్తి ఉంచేవారు. పైగా అత్తయ్యగారిది గంజిపెట్టిన చీర, దుమ్ము పడకూడదు.

కారెక్కిన కాసేపటికే అత్తయ్యగారు నిద్రలోకి జారుకునేవారు. చర్చి దగ్గర ఆగాక తట్టి లేపాల్సి వచ్చేది. "ఏం సుఖమే తల్లీ ఈ కారు! ఇంట్లో పరుపు మీద కూడా నాకింత నిద్ర పట్టదు" అని ఊరంతా చెప్పుకునేవారు. దిగాక తల పట్టేసినట్టుందని కణతలు నొక్కుకునేవారు కానీ, ఆ నేరం ఎండ మీదికి పోయేది.

నాకు నిద్ర వచ్చేది కాదు. కంకిపాడు వచ్చేసరికి తల పగిలిపోయేది. ఉయ్యూరు వచ్చేసరికి కడుపులో తిప్పేది. చర్చి ముందు కారు ఆగడం, నేను వెనక గోడ దగ్గరికి పరిగెత్తడం. కాపురానికి వచ్చిన రెండో నెలలో ఒక ఆదివారం పాస్టరమ్మగారు నీళ్ళ చెంబుతో వచ్చి నవ్వుతూ నా బుగ్గ నిమిరారు.

"ఏమ్మా, విశేషమా?"

పెళ్ళైన కోడలు వాంతి చేసుకుంటే కారణం ఇంకోటి ఎందుకుంటుంది? అత్తయ్యగారు ఆ వారమంతా నన్ను బరువెత్తనివ్వలేదు, చింతకాయ పచ్చడి వేసి కొసరి కొసరి పెట్టారు. నెల తిరిగేసరికి విశేషం ఏమీ లేదని తేలింది. అప్పట్నుంచి ఆవిడ ముఖం మారింది. లేని ఆశ పెట్టింది నేనే అన్నట్టు చూసేవారు. వాంతులు మాత్రం ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాయి, చర్చి ఆడవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. కాదండీ, కాదండీ అని చెప్పుకోవడం ఎంత సిగ్గో నాకే తెలుసు.

ఆ తర్వాత మామయ్యగారు ఇంకో కారణం కనిపెట్టారు. "బస్సుల్లో తిరిగిన ఒళ్ళు. కారు పడట్లేదు" అన్నారు. ఇంట్లో అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు.

"వెనక పొగ వాసనొస్తోందండీ" అన్నాను మా ఆయనతో ఒకరోజు.

"కారన్నాక వాసన రాదా? అత్తరు వాసనొస్తుందా?" అన్నారు.

నా చీర కుచ్చిళ్ళ అంచుకి ప్రతి వారం మసి అంటుకునేది. అది చూపిస్తే అత్తయ్యగారు, చీర ఎత్తి పట్టుకుని నడవడం మీ అమ్మ నేర్పలేదా అన్నారు. కారు వెనక నల్లటి పొగ వదులుతోందని మామయ్యగారికీ తెలుసు. పెట్రోలు మామూలు కంటే ఎక్కువ తాగుతోందని రోజూ సణుక్కునేవారు. పెట్రోలు గురించి ఆ ఇంట్లో జరిగిన చర్చలో పదోవంతు నా వాంతుల గురించి జరగలేదు.

పెళ్ళయ్యాక వచ్చిన వేసవి తర్వాత గుంటూరులో నాకు బి.ఎడ్. సీటు వచ్చింది. రోజూ రైల్లో వెళ్ళి రావచ్చు. నేను పుస్తకాల సంచీ కూడా కుట్టుకున్నాను. చేరాల్సిన రోజు దగ్గరపడ్డాక, రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు తాపీగా అన్నారు.

"చర్చి దాకా రాలేకపోతున్నావు. రోజూ గుంటూరు ఏం వెళ్తావమ్మా? ముందు ఒళ్ళు బాగుచేసుకో."

"బస్సులో, రైల్లో నాకేం కాదు మామయ్యగారూ. కారులోనే."

"కారులోనే తట్టుకోలేని మనిషివి, రైల్లో తట్టుకుంటావా?"

మా ఆయన తలెత్తకుండా మజ్జిగ పోసుకున్నారు. ఆ సీటు అలా పోయింది. నేను ఏడవలేదు. ఏడిస్తే అదీ నీరసం కింద జమకట్టేవారు.

గుంటూరులో క్లాసులు మొదలైన కొన్నాళ్ళకు, చర్చిలో ప్రత్యేక కూటాలకు బయటి నుంచి ఒక పెద్ద పాస్టరుగారు వచ్చారు. ఆయన్ని పటమటలో మా ఇంట్లోనే దింపారు. ఆదివారం ఆయన్ని వెనక సీట్లో గౌరవంగా కూర్చోబెట్టి, దుమ్ము పడకుండా అద్దాలెత్తి, మామయ్యగారు తీసుకెళ్ళారు. అత్తయ్యగారూ నేనూ బస్సులో వెళ్ళాం. దారంతా ఆవిడ గొణిగారు గానీ, ఒక్క కునుకు తియ్యలేదు. నాకు ఏమీ కాలేదు.

మేం వెళ్ళేసరికి చర్చి ముందు గుంపు. పాస్టరుగారు వేపచెట్టు కింద కుర్చీలో వాలిపోయి ఉన్నారు, ముఖం పాలిపోయింది, ఒకరు విసురుతున్నారు. దిగుతూనే వాంతి చేసుకున్నారట. ఆయన్ని ఎవరూ విశేషమా అని అడగలేదు. బస్సుల్లో తిరిగిన ఒళ్ళు అనలేదు. "కారులో ఏదో తేడా ఉంది" అన్నారు మామయ్యగారు. ఒక్కసారికే తెలిసిపోయింది ఆయనకు.

సోమవారం పొద్దున్నే కారు షెడ్డుకి బయల్దేరింది. "అమ్మాయిని కూడా తీసుకెళ్ళు. ఎక్కడ కూర్చుంటే ఎక్కువొస్తుందో మేస్త్రీకి చెబుతుంది" అన్నారు మామయ్యగారు మా ఆయనతో. ఆ రోజుకి నా వాంతి పనికొచ్చే వస్తువైంది.

మేస్త్రీ ఇంజను స్టార్ట్ చేయించి, వెనక పొగగొట్టం మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టాడు. పొగ ఆగాలి కదా, ఆగలేదు. కారు మధ్యలోంచి, కింద నుంచి బుసబుసా వచ్చింది. వెనక సీటు లేపాడు. నేను కాళ్ళు పెట్టుకునే వైపు, చాప కింద రేకు తుప్పుపట్టి చిల్లుపడింది. చుట్టూ పొయ్యి రాయిలా నల్లటి మసి. సరిగ్గా దాని కిందే సైలెన్సరు పైభాగం పగిలి ఉంది.

"కార్బరేటరు పెట్రోలు ఎక్కువ లాగేత్తందండీ. అందుకే నల్ల పొగ. ఆ పొగంతా బయటికి పోకండా ఇందులోంచి లోపలికొచ్చేత్తంది. అద్దాలెత్తుకుని కూకుంటే పేణాలకే పెమాదం" అన్నాడు.

నాకు కర్టెన్ల వెనక అత్తయ్యగారి నిద్ర గుర్తొచ్చింది.

"ఈ తుప్పు చూత్తే శానా రోజులైనట్టుంది. ఎనక కూకున్నోళ్ళెవరూ సెప్పలేదాండీ?" అని అడిగాడు.

నేను మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

"లేదు. ఎవరూ చెప్పలేదు" అన్నారాయన.

అబద్ధమాడుతున్నానన్న తొట్రుపాటు కూడా లేదు. నిజంగానే ఎవరూ చెప్పలేదనుకుంటున్నారు. ఈ రోజుకీ ఆయన మీద నాకున్న కోపం ఆ ఒక్క మాట మీదే. మిగతావన్నీ ఎప్పుడో వదిలేశాను.

సాయంత్రానికి సైలెన్సరు మార్చి, రేకు అతికించి, కార్బరేటరు సరిచేసి ఇచ్చాడు. మామయ్యగారు పరీక్షకని కంకిపాడు దాకా వెళ్ళి రమ్మన్నారు. వెనక నన్నే కూర్చోబెట్టారు. తల నొప్పి రాలేదు, కడుపులో తిప్పలేదు. ఇంటికి రాగానే అందరూ కారుని మెచ్చుకున్నారు. అత్తయ్యగారొక్కరే ఆ తర్వాత చాలా ఆదివారాలు, మేస్త్రీ ఏదో పాడుచేశాడు, మునుపటిలా నిద్ర పట్టట్లేదని విసుక్కున్నారు.

ఆ రాత్రి మా ఆయన్ని అడిగాను. "మరి గుంటూరు సంగతి?"

"క్లాసులు మొదలైపోయాయిగా. ఇప్పుడెవరు చేర్చుకుంటారు? వచ్చే ఏడాది చూద్దాంలే."

ఆ వచ్చే ఏడాది సీట్లకు పిలిచే రోజులకు నాకు మళ్ళీ వాంతులు పట్టుకున్నాయి. ఇంట్లో మంచం మీద పడుకున్నా వచ్చేవి. ఈసారి అత్తయ్యగారు చర్చిలో అందరికీ తానే ఎదురెళ్ళి చెప్పుకున్నారు. మామయ్యగారు బత్తాయిలు తెప్పించారు. కారణం వెతకాల్సిన పని ఎవరికీ లేకపోయింది. గుంటూరు మాట ఎవరూ ఎత్తలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. నేను టీచర్ని కాలేదు.