తెల్లగోడ దగ్గర తేలని లెక్క

ఆస్పత్రిలో మందులు మోసే ట్రాలీ దానంతటదే నడవాలి. దానికి చూపు తెప్పించే పని, దాన్ని తయారుచేసే కంపెనీలో ఇంజనీరైన ఆమెది. ట్రాలీ ముందు పక్కపక్కనే రెండు కెమెరాలుంటాయి. ఎడమ బొమ్మలోని తలుపుగొళ్ళెం కుడి బొమ్మలో ఎక్కడుందో పట్టుకుంటే, ఎంత పక్కకు జరిగిందో చూసి దూరం చెప్పొచ్చు. ఆ పట్టుకోవడంలోనే ఉంది తంటా అంతా. బొమ్మల్లోని రెండు ముక్కలు ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే లెక్కే కాస్ట్ ఫంక్షన్. ఆ లెక్క ఎక్కడ తక్కువొస్తే అక్కడ జత కుదిరినట్టు.

అలాంటి లెక్కలు రెండింటిని పోల్చమన్నాడు మేనేజరు. ఒకటి ఈ ముక్క వెలుగులోంచి ఆ ముక్క వెలుగును తీసేసి ఊరుకుంటుంది. రెండోది బొమ్మలోని ప్రతి చుక్కనూ, నీ ఇరుగుపొరుగు కన్నా నువ్వు వెలుగా చీకటా అని మాత్రమే అడుగుతుంది.

"ఏది బెస్టో ఒక్కముక్కలో చెప్పమ్మా."

"దేనికి బెస్టండీ?"

"అన్నిటికీ!"

ఆమె పళ్ళు నూరుకుంటూ పరీక్షలు పెట్టింది. మొదటిదే గెలిచింది. మేనేజరు ఎగిరి గంతేసి ఆస్పత్రికి కబురు పెట్టేశాడు. ఆమెకు మాత్రం నమ్మకం కుదరక, ట్రాలీని ఆఫీసు వరండాలో వదిలి చూసింది. కిటికీ ఎండ ఒక కెమెరా మీదే పడగానే అది తిన్నగా వెళ్ళి మేనేజరు మోకాలికి గుద్దుకుంది.

కారణం కోసం తవ్వితే పక్కసీటు కుర్రాడు నీళ్ళు నమిలాడు. "పరీక్ష బొమ్మలు రెండూ ఒకే వెలుగులో ఉంటే బావుంటుందని కాస్త సరిదిద్దానక్కా."

"సరిదిద్దావా! నా నెత్తిన భస్మాసుర హస్తం పెట్టావు కదరా!"

మళ్ళీ మొదటికి, సరిదిద్దని బొమ్మలతో. ఈసారి ఎండలో రెండోదే నిలబడింది. "అయితే ఇదే ఖాయం" అన్నాడు మేనేజరు, మోకాలు రుద్దుకుంటూ. ఆమె అతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, సున్నం వేసిన గోడ బొమ్మ ముక్కలు వరసగా చూపించింది.

"ఈ ముక్కకు జత ఏదో చెప్పండి."

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదమ్మా."

"దానికీ అలాగే ఉన్నాయి. ఏ లెక్కకైనా అంతే. అక్కడ తెలీదని ఒప్పుకుని ట్రాలీ నెమ్మదించాలి."

"తెలీదని చెప్పే మిషన్ను ఎవరు కొంటారు? నా పరువేం కాను?"

వాదించి వాదించి గొంతు పోయింది. చివరికి ఆస్పత్రి పెద్ద నర్సునే అడిగింది. ఆవిడ పని ఆపకుండానే చెప్పింది: "తెలీనప్పుడు ఆగేవాళ్ళు దొరక్కే కదమ్మా మా బాధంతా. అలాగే పంపించండి."

పంపించారు. మొదటిరోజు ఆమె కూడా వెంట వెళ్ళింది. తెల్లగోడ రాగానే ట్రాలీ తడబడి, కొత్త కోడలిలా అడుగులో అడుగేసింది. వెనక నర్సులు విసుక్కుంటూ పక్కనుంచి దాటిపోతున్నారు. దేనికీ గుద్దుకోకపోయినా ఆమెకూ ఒళ్ళు మండింది.

"నడువు తల్లీ, నడువు" అని గొణుగుతూ దాని వెనకే నెమ్మదిగా నడిచింది.