సిస్టరమ్మకు ఒడిబియ్యం

మా సిస్టరమ్మను సాగనంపడానికి ముందు ఆదోనిలో ఒక సభ జరిగింది, ఎమ్మిగనూరులో ఇంకొకటి. రెండు చోట్లా ఆమెకు శాలువాలు కప్పారు. నడి మే నెలలో, ఫ్యాను కింద కూడా చెమట కారుతుంటే, డెబ్బై దాటిన మనిషి మెడ చుట్టూ ఉన్ని శాలువా చుట్టి గౌరవించామని సంతోషపడటం మనవాళ్ళకే చెల్లింది. ఆమె నవ్వుతూ కూర్చుంది. ఇటలీలో పుట్టిన మనిషికి ఉన్ని అలవాటే కదా అని ఒక పెద్దమనిషి నా చెవిలో అన్నాడు. ఆ మనిషి ముప్పై ఏళ్ళకు పైగా మన ఎండలోనే ఉడికిందని ఆయనకు గుర్తు చేద్దామనుకుని ఊరుకున్నాను. మైకు ఆయన చేతిలోనే ఉంది మరి.

అసలు వీడ్కోలు మాత్రం పల్లెలో జరిగింది. పెద్దకడుబూరు పక్కన ఉన్న ఆ పల్లెలోనే చర్చివాళ్ళు నడిపే మా దవాఖానా. దవాఖానా అంటే రెండు గదులు, ఒక వరండా. సిస్టరమ్మ సూది వేసేది, కాన్పులు చేసేది, తిట్టేది. నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి మందులిచ్చేదాన్ని. మాది మగ్గం నేసే ఇల్లు, చర్చికి సంబంధం లేదు. ఆమెకు తెలుగు రాదు, మాట సాయంగా ఉండమని మొదట్లో నన్ను పెట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆమె ఆ పల్లె తెలుగు ఎంత బాగా పట్టేసిందంటే, నా మాట విని జనం "పట్నం మాట" అని నవ్వేవాళ్ళు, ఆమెతో మాత్రం కూర్చుని కష్టం సుఖం చెప్పుకునేవాళ్ళు. అట్లా నా ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. జీతం మాత్రం ఆగలేదు.

ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. వయసైంది, ఇక చాలు, వచ్చేయమని ఆమె మఠం పెద్దలు కబురు పెట్టారు. ఊరు బతిమాలితే, సుగ్గికని మిరప కోతలకు పోయిన కూలి జనం గుంటూరు వైపు నుంచి తిరిగొచ్చేదాకా ఆగింది. అందరూ వచ్చాక ప్రయాణం ఖాయమైంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం గాయాలకు కట్టే గుడ్డలు మడుస్తుంటే ఆమె చల్లగా ఒక మాట చెప్పింది. తనకు అక్కడ ఎవరూ లేరట. ఇద్దరన్నలూ పోయారు, వాళ్ళ భార్యలూ పోయారు, పిల్లలు లేరు. తను పోయేది పుట్టిన ఊరికి కూడా కాదు, ముసలి సిస్టర్లను ఉంచే ఆశ్రమానికి. ఆ ఊరు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఊళ్ళో సెప్పొద్దు," అంది. "జాలిపడి ఏడుస్తారు. వాళ్ళు ఏడిస్తే నేను పోలేను."

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరు ఎవరిని కొట్టారో, ఏ కోడలికి నెల తప్పిందో, అందరి గుట్టూ ఈమె దగ్గర ఉంది. ఈమె గుట్టు ఒక్కటి ఊరికి తెలిస్తే ఆకాశం విరిగి పడుతుందా? పైగా వెళ్ళకుండా ఉండే దారి లేదు. వీసా ముగుస్తోంది, మోకాలు ఒప్పుకోదు, పైవాళ్ళ మాట దాటరాదు. అయినా సరేనన్నాను. ఆమె ఏడుపు మొహంతో కారెక్కకూడదు, అంతే కదా కావలసింది. నోరు మూసుకోవడం నాకు చేతకాని పనే అయినా ప్రయత్నిద్దామనుకున్నాను.

దవాఖానా ఎదురింట్లో ఒక అవ్వ ఉంది. పొలం కూలికి పోయే మనిషి, ఊళ్ళో ఏ మంచికైనా చెడుకైనా ముందు నిలబడే మనిషి. ఆమె కాన్పులన్నీ, ఆమె కోడళ్ళ కాన్పులూ సిస్టరమ్మ చేతి మీదే జరిగాయి. సిస్టరమ్మ పోతోందని తెలియగానే అవ్వ వరండాలోకి వచ్చి కూర్చుని విచారణ మొదలుపెట్టింది.

"ఆడ నీకెవురుండారు మ్మే?"

"ఇద్దరన్నలు," అంది సిస్టరమ్మ.

"పెండ్లిండ్లయినాయా?"

"అయినాయి."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. జీవితమంతా అబద్ధం ఆడని మనిషి నిజాన్ని ఎంత చక్కగా కత్తిరించగలదో ఆ రోజే చూశాను.

మిగతాది ఊరు కుట్టుకుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పొద్దుగూకేలోపల సిస్టరమ్మకు ఇద్దరు వదినలు తయారయ్యారు. పెద్దొదిన సాధువట. చిన్నొదిన కొంచెం గడుసుదట. ఎవరు చెప్పారే అంటే, "చిన్నొదినలు అట్లే ఉంటారు గదమ్మా" అన్నారు. ఆ గడుసు వదినను మంచి చేసుకోవడం ఇప్పుడు ఊరి బాధ్యత అయింది. బుడ్డలు, అదే వేరుశనగలు, వేయించి దంచిన పొడి వచ్చింది, నల్ల నువ్వుల్లాంటి గురెళ్ళ పొడి వచ్చింది, జొన్నరొట్టెలు ఎండబెట్టి గుడ్డలో కట్టి తెచ్చారు. వదినలిద్దరికీ ఎమ్మిగనూరు నేత చీరలు తీసుకురమ్మని అవ్వ నన్ను పురమాయించింది.

"ఇటలీలో చీరలు కట్టరవ్వా," అన్నాను.

"కట్టకుంటే కప్పుకుంటారు. సలిదేశం గదా. సిన్నొదినకు జరీ ఎక్కువుండేది సూడు."

చచ్చినవాళ్ళకు చీరలు ఎంచడానికి నేను అంగడికి పోయాను. అంగడాయన నాకు బంధువే. ఎవరికమ్మా అని అడిగితే, విదేశం పోతాయి అన్నాను. ఆయన గర్వంగా ఇంకో కట్ట విప్పి పరిచాడు.

తర్వాత ఊళ్ళో అసలు తగువు వచ్చింది. సిస్టరమ్మకు ఒడి నింపి పంపాలని అవ్వ తీర్మానించింది. మా వైపు ఆడపిల్లను అత్తింటికి పంపేటప్పుడు కొంగులో బియ్యం పోసి, ఎండుకొబ్బరి, ఆకూవక్కా, పసుపుకొమ్ము, రవికె గుడ్డ పెట్టి పంపుతారు. కానీ సిస్టరమ్మ పోయేది పుట్టింటికి కదా అని ఒకామె అడ్డం తిరిగింది. పుట్టింటికి పోయేదానికి ఇక్కడ ఒడి నింపడమేంది? అట్లయితే మన ఊరు ఆమెకు అత్తిల్లా? మరి మొగుడేడీ? ఆదివారం పూజకు వచ్చిన ఫాదర్‌ను అడిగారు. ఆయన పాపం వేదాంతంలోకి దిగాడు. సిస్టర్లు యేసుప్రభువుకు వధువులని, కాబట్టి లోకమంతా వాళ్ళకు అత్తిల్లేనని చెప్పాడు.

అవ్వ వెంటనే లెక్క తేల్చింది. "అంటే అత్త మరియమ్మ తల్లి. మంచిదే, అత్త పోరు లేదు. లోకమంతా అత్తిల్లయితే ఈ ఊరొక్కటే పుట్టిల్లు. ఒడి మేమే నింపాల."

ఫాదర్ తన మాటకు తానే దొరికిపోయాడు. బొట్టు పెట్టొద్దని మాత్రం అన్నాడు. పసుపుకొమ్ము గురించి కూడా నసిగాడు కానీ, పసుపు లేకుండా మీ వంటామె కూర ఎట్లా చేస్తాదని అవ్వ అడిగేసరికి ఆ సంగతి వదిలేశాడు. ఒడి నింపేది ముత్తైదువ అయ్యుండాలి. అవ్వ మొగుడు పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని బీడీ కాల్చే మనిషి. సంసారానికి ఆయన చేసిన ఉపకారం నాకు తెలిసి ఒక్కటే, ఇంకా బతికి ఉండటం. ఆ ఒక్క ఉపకారం వల్లే అవ్వకు ఆ రోజు ఒడి నింపే అర్హత వచ్చింది.

బయలుదేరే పొద్దు దవాఖానా ముందు షామియానా వేశారు. ఆదోని స్టేషన్‌కు పోవడానికి కారు వచ్చి నిలబడింది. అక్కడ బొంబాయి రైలెక్కి, తర్వాత విమానం. సిస్టరమ్మను పీట మీద కూర్చోబెట్టారు. మోకాళ్ళు వంగవు కాబట్టి పీట కింద ఇంకో పీట వేశారు. తెల్ల నూలు చీర కొంగు పరిచింది. ఆమె మొహం నిబ్బరంగా ఉంది. ఇంకొంచెంసేపు ఇట్లాగే గడిస్తే ఆమె అనుకున్నట్టే పొడి కళ్ళతో కారెక్కేస్తుందని నాకు ధైర్యం వచ్చింది.

అవ్వ చేటలోంచి ఐదు పిడికిళ్ళ బియ్యం పోసింది. కొబ్బరి పెట్టింది, ఆకూవక్కా పెట్టింది, పసుపుకొమ్ము ఫాదర్ వైపు చూస్తూ పెట్టింది. తర్వాత పద్ధతి చెప్పింది.

"ఇందులోంచి రోంత తీసి సేటలో ఏయి, పుట్టిల్లు సల్లగుండాలని. మిగిలినవి ఆడికి పోయినాక నీ సేత్తో వండి అన్నలకూ వదినలకూ పెట్టు. వాళ్ళు కూసోని తింటేనే ఒడి నిండినట్టు."

సిస్టరమ్మ నా వైపు చూసింది. నేను కారు వైపు చూశాను.

ఆమె నెమ్మదిగా లేచింది. కొంగు రెండు చేతులా పట్టుకుని, వంగి, మొత్తం బియ్యం చేటలోకి దిమ్మరించేసింది. కొబ్బరి దొర్లి కింద పడింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒడిలో పోసింది అంతా తిరిగిచ్చేస్తే, ఈ ఇంటితో నాకిక పనిలేదు అన్నట్టు. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఎవరేం ఇచ్చినా, ఇది మీ పిల్లలకు పెట్టుకోండి అని తిరిగిచ్చేసే అలవాటు ఆమెది. ఇన్నేళ్ళలో ఒక గుప్పెడు బుడ్డలు కూడా ఇంటికి తీసుకుపోలేదు. కానీ ఆ రోజు చేసింది ఆ అలవాటుతో కాదు.

"ఆడ ఎవురూ లేరవ్వా," అంది. "అన్నలు సచ్చిపోయినారు. వదినలు సచ్చిపోయినారు. నేను ముసలోళ్ళ ఆశ్రమానికి పోతాండాను. ఎవురికి వండి పెట్టాల?"

వండి పెడతానని ఒక్క మాట అనేసి ఉంటే సరిపోయేది. ఒడిలో పోసిన బియ్యం సాక్షిగా అబద్ధమాడటం ఆమె వల్ల కాలేదు.

చిన్నొదిన కోసం పొడి దంచిన పిల్ల ఏడవటం మొదలుపెట్టింది. అవ్వ మాత్రం నా వైపు తిరిగింది.

"నీకు తెల్సునా?"

"తెలుసవ్వా."

"తెల్సీ నాతో జరీ సీర కొనిపిస్తివా," అని, ఇక్కడ రాయకూడని మాట ఒకటి అంది. నేను దానికి తగినదాన్నే.

తర్వాత ఆమె చేట అందుకుంది. "కూసో మ్మే," అంది సిస్టరమ్మతో. సిస్టరమ్మ కూర్చుంది. అవ్వ ఈసారి పిడికిళ్ళతో పోయలేదు. చేటకు చేట వంచేసింది. కొంగు బరువుకు కిందికి వేలాడింది. ఇంట్లోంచి ఇంకా తెమ్మని కోడలికి చెప్పింది.

"ఐదు పిడికిళ్ళే పోయాలంట కదవ్వా," అన్నాను, నోరు ఊరుకోక.

"ఇంటి నిండా జనముండేదానికి ఐదు పిడికిళ్ళు సాలు. ఎవురూ లేనిదానికి యాడ సాలుతాయే?"

సిస్టరమ్మ బరువెక్కిన కొంగును రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. "నేను మళ్ళా రాలేనవ్వా," అంది. ఆ మాట కూడా చెప్పకుండా ఉండలేకపోయింది.

"రాకుంటే పో. నేను రమ్మని పోస్తాండానా?"

"ఆడ నాకు పొయ్యి గూడా లేదవ్వా. వాళ్ళు వండిందే తినాల."

"పొయ్యి లేకుంటే పచ్చివే నములు."

అప్పటికి షామియానా కింద ఏడవని మనిషి లేదు. ఫాదర్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. నేను ముక్కు చీదుతూ కింద పడిన కొబ్బరి ఏరుతున్నాను. ఊరు ఏడిస్తే నేను పోలేనన్న మనిషి ఒడిలోంచి రెండు గింజలు తీసి నోట్లో వేసుకుంది. ఒక్క గింజ కూడా చేటలోకి తిరిగి వేయలేదు, అవ్వా అడగలేదు. కొంగు నడుముకు బిగించి కట్టుకుని, బుగ్గల మీద నీళ్ళు కారుతుండగా, ఊరంతా ఏడుస్తుండగా, పచ్చిబియ్యం నములుతూ కారెక్కింది.